నాయనమ్మ గోరీ కదిలించవచ్చునా?

బ్రతికి ఉన్న మనిషి ఒక ఊరినుంచి మరొక ఊరికి మకాం మార్చాలంటే సామాను సర్దుకుని బండి ఎక్కితే చాలు. ఎవరినీ అడగనక్కరలేదు. కాని చనిపోయి మట్టిలో కలిసిన మనిషిని ఒక చోటినుంచి మరొక చోటికి మార్చాలంటే ఎవరిని అడగాలి? ఏ కాగితం కావాలి? ఇటువంటి ప్రశ్న నా జీవితంలో ఎదురవుతుందని నేను కలలోకూడా అనుకోలేదు. పోయిన వేసవిలో ఎదురయింది.

మాది నాగిరెడ్డిపేట. మెదక్ నుంచి ఎల్లారెడ్డి వెళ్ళే దారిలో పోచారం చెరువు కనబడుతుంది చూడండి, అదే మా ప్రాంతానికి అన్నం పెట్టే తల్లి. నిజాం ప్రభువుల కాలంలో, 1922లో ఆ ఆనకట్ట పూర్తయింది. 2016 దాకా మేము నిజామాబాదు జిల్లావాళ్ళం. ఆ సంవత్సరం అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లావాళ్ళం అయినాము. జిల్లా మారినా మా పొలం మారలేదు. కాలువ కింద మూడెకరాలు, గట్టుమీద ఒక వేపచెట్టు, ఆ చెట్టుకింద మా నాయనమ్మ గోరీ.

మా ఇంట్లో దహనం ఆనవాయితీ లేదు. పోయినవాళ్ళను మట్టి చేస్తాము. ఊరికి బొందలగడ్డ ఉన్నా, సొంత పొలం ఉన్నవాళ్ళు పొలంలోనే మట్టి చేసి, పైన గోరీ కట్టించుకోవడం మా వైపు వాడుక. నాయనమ్మ 1978లో పోయింది. తాను నాటిన వేపచెట్టు కిందనే తనను పెట్టమని ఆమె కోరిందట. ఏటా పెత్తరమాస నాడు మా తమ్ముడు, అంటే మా చిన్నాయన కొడుకు, ఆ గోరీకి సున్నం వేసి, దీపం పెట్టి వస్తాడు. ఉద్యోగం పేరుతో హైదరాబాదు చేరిన నేను, ఆ రోజున అతనికి ఫోను చేసి, “దీపం పెట్టినావా?” అని అడుగుతాను. నా భక్తి అంతవరకే.

ఆ తమ్ముడే ఒక రాత్రి ఫోను చేశాడు.

“అన్నా, కాలువ కింది మూడెకరాలు బేరం కుదిరింది. బయానా గూడ ఇచ్చిండు. ఒక్కటే తిరకాసు. గోరీ ఉన్న భూమి నాకొద్దంటుండు. అది తీసేస్తెనే రిజిస్ట్రేషనంటుండు.”

“తీసెయ్యడమేమిటిరా?”

“ఏమున్నదన్నా, జేసీబీ తెస్తె గంట పని. బొక్కలేమన్న దొరికితె కొత్తబట్టల కట్టి బొందలగడ్డల పెడదాం. రాత్రిపూట చేస్తె ఎవ్వలకు తెల్వదు.”

నాకు నోట మాట రాలేదు. అయితే వాడిని తప్పు పట్టడానికి కూడా నోరు రాలేదు. ఎండిపోయిన రెండు బోర్లకు చేసిన అప్పు, కూతురి పెళ్ళికి చేసిన అప్పు వాడి నెత్తిమీద ఉన్నవి. ఆ అప్పులో పదోవంతు తీర్చే స్తోమత కూడా ఈ పింఛను మాస్టరుకు లేదు. ఏటా గోరీకి సున్నం వేసేది వాడు. సంవత్సరానికి ఒక ఫోను చేసేది నేను. ఏ ముఖంతో వద్దనను?

“వారంరోజులు ఆగు, తెలుసుకుని వస్తాను” అని మాత్రం అన్నాను.

మర్నాడే బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్ళి, నాకు తెలిసిన ఒక వకీలుగారి ఇంటి తలుపు తట్టాను. తల నెరిసిన మనిషి, తొందరపడరు. నా కథ అంతా విని, చట్టం పుస్తకం తియ్యకుండా మొదట ఒక ప్రశ్న వేశారు.

“ఆమెకు పిల్లలెందరండీ?”

“ముగ్గురు. మా నాన్న, చిన్నాయన కాలం చేశారు. మా మేనత్త ఉంది. ఎనభై దాటింది.”

“ఆమె ఒప్పుకున్నదా?”

నేను తెల్లబోయాను. మేనత్తను అడగాలన్న ఊహే మా ఇద్దరికీ రాలేదు. పెళ్ళిచేసి పంపించిన ఆడపిల్ల. పొలం విషయం ఆమెకెందుకని మా ఇంట్లో ఎప్పుడూ అనుకునే మాటే. పొలం సంగతి సరే, గోరీలో ఉన్నది ఆమె కన్నతల్లి అన్న సంగతి కూడా మరిచిపోయినాము.

“సరే, చట్టం చెబుతాను వినండి” అన్నారు వకీలుగారు.

ఆయన చెప్పిన దానిలో మొదటి సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఒక కుటుంబం తన పెద్దల అస్థికలను ఒక చోటినుంచి తీసి మరొక చోట పెట్టుకోవాలంటే ఏం చెయ్యాలో చెప్పే ప్రత్యేకమైన చట్టం మన దేశంలో లేదట! పాతిపెట్టిన శవాన్ని తవ్వి తీయడం గురించి క్రిమినల్ ప్రొసీజరు కోడులో ఒక్క చోటనే ఉంది. 1973 నాటి కోడులో అది 176వ సెక్షను. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 196వ సెక్షను. చావుకు కారణం ఏమిటో తేల్చవలసి వచ్చినప్పుడు మేజిస్ట్రేటు శవాన్ని తవ్వించి పరీక్ష చేయించవచ్చు. అప్పుడు కూడా, వీలైనంతవరకు తల్లిదండ్రులకు, పిల్లలకు, తోబుట్టువులకు, భార్యకు లేక భర్తకు కబురు చేసి, వాళ్ళను దగ్గర ఉండనివ్వాలి. అంటే అది నేరపరిశోధన కోసం పుట్టిన సెక్షను. పొలం అమ్ముకోవడం కోసం పుట్టినది కాదు.

“చట్టం లేదంటే అడ్డు లేదన్నమాటే కదా?” అన్నాను, కాస్త ధైర్యం వచ్చి.

వకీలుగారు నవ్వారు. “అందరూ అక్కడే పొరబడతారు” అని సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెప్పారు.

2021 నవంబరులో శ్రీనగర్‌లో జరిగిన ఎదురుకాల్పులలో ఒక యువకుడు మరణించాడు. అధికారులే అతని శవాన్ని ఇంటికి దూరంగా వేరొక చోట పూడ్చిపెట్టారు. నా కొడుకును మా ఊరికి తెచ్చుకుని, మా వాళ్ళ మధ్య, మా ఆచారం ప్రకారం మట్టి చేసుకుంటాను, ఇప్పించండి అని తండ్రి కోర్టుకు వెళ్ళాడు. హైకోర్టులో ఒక న్యాయమూర్తి తవ్వి ఇవ్వమన్నారు. పైన ఇద్దరు న్యాయమూర్తుల బెంచి, అప్పటికే నెలలు గడిచిపోయినవి గనుక అది కూడదని, గోరీ దగ్గరనే కర్మలు జరుపుకోనివ్వమని, అయిదు లక్షల రూపాయలు పరిహారం ఇవ్వమని అన్నది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2022 సెప్టెంబరు 12న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ పార్దీవాలా తీర్పు చెప్పారు. మర్యాదగా అంత్యక్రియలు జరిపించుకునే హక్కు చనిపోయినవారికీ ఉన్నదని వారు ఒప్పుకున్నారు. కాని ఒకసారి మట్టి చేసిన తరువాత ఆ దేహం చట్టం సంరక్షణలోకి వెళ్ళిపోతుందనీ, దాన్ని మళ్ళీ బయటికి తీయడం ఎవరికీ హక్కుగా రాదనీ, తగిన కారణం ఉన్నదో లేదో కోర్టే ఆలోచించి చెప్పాలనీ అన్నారు. తండ్రి కోరిక నెరవేరలేదు. ఇటువంటి చిక్కులు తీర్చడానికి చట్టం ఒకటి చేసే సంగతి ఆలోచించమని కేంద్ర ప్రభుత్వానికి కూడా ఆ తీర్పులోనే సూచించారు.

“చూశారా? కన్నకొడుకు కోసం వచ్చిన తండ్రికే అది హక్కు కాదన్నారు. మీ తమ్ముడు జేసీబీ పెట్టి గంటలో తీస్తానంటున్నాడు!” అన్నారు వకీలుగారు.

“అయితే తవ్వితే జైలేనా?”

“అదీ చెబుతాను. భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షను ఉంది. పాత పీనల్ కోడులో 297. ఇతరుల మనసు నొప్పించాలనో, మతాన్ని అవమానించాలనో, లేక తన పనివల్ల ఎవరి మనసో నొచ్చుతుందని తెలిసి ఉండో, శ్మశానంలోకి అక్రమంగా చొరబడినా, మనిషి శవాన్ని అగౌరవపరచినా ఏడాది దాకా ఖైదు, లేదా జుల్మానా, లేదా రెండూ. ఇంటిల్లిపాదీ ఒప్పుకుని, పట్టపగలు, నలుగురి ఎదుట, మర్యాదగా చేస్తే ఈ సెక్షను మీ జోలికి రావడం కష్టం. కాని మీ మేనత్తకు తెలియకుండా రాత్రిపూట యంత్రంతో తవ్వారనుకోండి. మరునాడు ఆమె పోలీసుస్టేషనుకు వెళ్ళి, నా తల్లి బొక్కలు ఎత్తుకుపోయారని ఏడిస్తే, మీరేం జవాబు చెబుతారు? పైగా రాత్రిపూట గొయ్యి తవ్వి ఎముకలు మూట కట్టేవాళ్ళను చూసినవాళ్ళు, నాయనమ్మ అనుకుంటారా, హత్య అనుకుంటారా?”

నా వీపున చెమట పట్టింది.

తప్పనిసరిగా కదిలించవలసి వస్తే ఏ దారిన పోవాలో కూడా ఆయన చెప్పారు. పాఠకులలో ఎవరికయినా పనికి వస్తుందేమోనని ఆ సలహా ఇక్కడ రాస్తున్నాను. మొదట చనిపోయినవారి వారసులందరూ, కూతుళ్ళతో సహా, ఒప్పుకున్నట్లు స్టాంపు కాగితంమీద ప్రమాణపత్రం రాయాలి. మరణ ధ్రువపత్రం ఉంటే జతచేయాలి. ఎందుకు కదిలించవలసి వస్తున్నదో, ఎక్కడికి చేరుస్తారో స్పష్టంగా చెప్పి తహసీల్దారుకు గాని, ఆర్డీఓకు గాని అర్జీ పెట్టాలి. వారు రెవెన్యూ అధికారులే కాక ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లు కూడా. పోలీసులకు తెలియపరచాలి. శ్మశానాలను చూసుకునే బాధ్యత పంచాయతీది గనుక, కొత్త చోట మట్టి చేయడానికి గ్రామపంచాయతీ రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. మట్టి చేసి ఎక్కువకాలం కాకపోతే వైద్యాధికారి మాట కూడా కావాలి. తవ్వే రోజున పెద్దమనుషుల ఎదుట పంచనామా రాసి సంతకాలు చేయించాలి. అధికారులు కాదంటే హైకోర్టులో రిట్టు వేసుకోవడమే. “నోటిమాట మీద మాత్రం పలుగు వెయ్యకండి” అన్నారు వకీలుగారు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు.

తిరుగు బస్సులో కూర్చుని, ఇదివరకు చదివినవి ఒకటొకటే గుర్తుకు తెచ్చుకున్నాను. చనిపోయినవారు ప్రయాణాలు చేయడం కొత్తేమీ కాదు. షాజహాన్ భార్య ముంతాజ్ 1631లో బుర్హాన్‌పూర్‌లో చనిపోతే మొదట అక్కడనే తోటలో మట్టి చేశారు. ఆరునెలల తరువాత ఆగ్రాకు తెచ్చారు. రాజా రామమోహనరాయలు 1833లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో కన్నుమూస్తే, ఆయన బసచేసిన ఇంటి తోటలోనే పూడ్చారు. పదేళ్ళ తరువాత, 1843లో, అదే ఊళ్ళోని ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు మార్చి, ద్వారకానాథ ఠాగూరు ఆయనమీద మన పద్ధతిలో మండపం కట్టించాడు. మన నాగార్జునకొండ స్తూపంలో దొరికిన బుద్ధుని ధాతువును 1932లో సారనాథ్ విహారంలో ప్రతిష్ఠించారు.

ఇంగ్లండులో ఇప్పుడు ఇందుకు కచ్చితమైన చట్టమే ఉంది. 1857 నాటి శ్మశాన చట్టం ప్రకారం, పాతిపెట్టిన దేహాన్ని కదిలించాలంటే ప్రభుత్వం లైసెన్సు గాని, చర్చి పాలకుల అనుమతి గాని ఉండి తీరాలి. 1485లో యుద్ధంలో చచ్చిన మూడవ రిచర్డు రాజు ఎముకలు 2012లో లెస్టరు నగరంలో కార్లు నిలిపే స్థలం కింద దొరికినవి. అక్కడి విశ్వవిద్యాలయం వారు లైసెన్సు తీసుకునే తవ్వారు. అయినా ఆయనను ఎక్కడ పూడ్చాలనే దానిమీద బంధువులమంటూ కొందరు కోర్టుకెక్కారు. వారు 2014లో ఓడిపోయిన తరువాత, 2015 మార్చిలో లెస్టరు చర్చిలోనే మట్టి చేశారు. అయిదువందల ఏళ్ళనాటి రాజుకే ఇంత తంటా ఉంటే, నలభై అయిదేళ్ళు దాటిన మా నాయనమ్మకు ఉండదా!

బస్సు పోచారం దగ్గరికి వచ్చేసరికి మరొక సంగతి తట్టింది. మాకు దిగువన అచ్చంపేట దగ్గర మంజీరమీద 1923లో మొదలుపెట్టి 1931లో నిజాంసాగరు కట్టారు. దానికోసం నలభై దాకా ఊళ్ళు ఖాళీ చేయించారు. ఊళ్ళంటే ఇళ్ళూ పొలాలే కాదు గదా, బొందలగడ్డలు కూడా! ఇప్పటి భూసేకరణ చట్టం, అంటే 2013 నాటిది, ఆ సంగతిని కొంత గుర్తించింది. నిర్వాసితులకు కట్టే కొత్త ఊళ్ళో బడి, రోడ్డు, మంచినీళ్ళతో పాటు, ఆయా కులాల ఆచారానికి తగిన శ్మశానస్థలం కూడా ఉండాలని మూడవ షెడ్యూలులో రాశారు. అయితే అది ఇకముందు పోయేవాళ్ళకు చోటు. వెనక పోయినవాళ్ళు నీళ్ళకింద ఉండవలసిందే. నీళ్ళు వచ్చినప్పుడు తప్పదు. మాకు నీళ్ళు రాలేదు. ఒక కొనుగోలుదారుడు వచ్చాడు, అంతే. కదిలించడం ఎలాగ అని వకీలును అడిగి వచ్చాను గాని, కదిలించక తప్పదా అని ఎవరినీ అడగలేదని అప్పుడు తోచింది.

మర్నాడు పొద్దున తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మేనత్త ఇంటికి వెళ్ళాను. మంచంమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. విషయం దాచకుండా చెప్పాను. తమ్ముడు తల వంచుకున్నాడు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తమ్ముడి వైపు తిరిగి, “అప్పు ఎంతున్నదిరా?” అని అడిగింది. వాడు చెప్పాడు. “మరి భూమి అమ్మక ఏం జేస్తవు బిడ్డా? అమ్ముకో. నేను అడ్డమస్తనా? మా అవ్వనే ఉంటె, అమ్ముకొమ్మనే అంటుండె” అన్నది. ఆపైన చెంగుతో కళ్ళు తుడుచుకుని, “గాని జేసీబీ పెట్టకుండ్రి. ఆమె గోరింత దెబ్బ కూడ ఎవ్వలను కొట్టలేదు” అన్నది.

తమ్ముడు ఒక్కసారి వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పులవాళ్ళు ఇంటిముందు కూర్చున్ననాడు కూడా ఏడ్వనివాడు.

ఆ సాయంత్రం ముగ్గురం కలిసి కొనుగోలుదారుని దగ్గరికి వెళ్ళాము. ఆయన దుర్మార్గుడేమీ కాదు. పొలం మధ్య గోరీ ఉంటే ట్రాక్టరు తిరగదని, రేపు మా వాళ్ళు గొడవ పెడతారేమోనని ఆయన భయం. వకీలుగారు చెప్పినవన్నీ ఆయనకు చెప్పాను. గోరీ తీసిన భూమి అని ఎవరో ఒకరు ముందుముందు కోర్టుకు లాగితే చిక్కు ఆయనకే గదా అన్నాను. గోరీ గట్టుమీదనే ఉన్నది. కాబట్టి గోరీ, వేపచెట్టు కలిపి రెండు గుంటలు మేమే ఉంచుకుంటాము, గట్టు వెంబడి నడవడానికి దారి మాత్రం కాగితంలో రాయించండి, మిగిలినది మీదే, ఆ మేరకు ధర తగ్గించుకోండి అని మేనత్త చెప్పింది. నలభై గుంటలు ఎకరం. మూడెకరాలంటే నూట ఇరవై గుంటలు. నూట ఇరవైలో రెండు. ఆయన లెక్క వేసుకున్నాడు. మేనత్త ముఖం చూశాడు. “సరే అవ్వా” అన్నాడు.

సర్వేయరు వచ్చి కొలిచి హద్దురాళ్ళు పాతించాడు. దస్తావేజులో దారి సంగతి వకీలుగారే దగ్గర కూర్చుని రాయించారు. ఆ రెండు గుంటలు ఎవరి పేర పెట్టాలనే ప్రశ్న వచ్చినప్పుడు తమ్ముడే, “అత్త పేరు మీద పెట్టున్రి” అన్నాడు. నేను సంతోషంగా సంతకం చేశాను.

తమ్ముడి అప్పు పూర్తిగా తీరలేదు. పొలం పోయింది, కాస్త అప్పు మిగిలింది. కవులుకు పట్టిన భూమి చేసుకుంటున్నాడు. ఈ ఏడు నుంచి నేను కూడా నెలనెలా కొంత పంపుతున్నాను. ముందే చేయవలసిన పని.

పెత్తరమాస నాడు ఈసారి ఫోను చేయలేదు, నేనే వెళ్ళాను. తమ్ముడు సున్నం కలిపాడు, నేను కుంచె పట్టాను. మేనత్త వేపచెట్టు నీడన కూర్చుని, కొత్త పట్టాదారు పాసుపుస్తకం ఒడిలోంచి తీసి నా చేతికిచ్చింది. ఆమెకు చదువు రాదు.

“ఏం రాసిన్రు కొడుకా, జెర సదువు” అన్నది.

ఆమె పేరు చదివాను. తరువాత విస్తీర్ణం చదివాను: రెండు గుంటలు.

“మళ్ళ సదువు” అన్నది.